గ్యాస్ బండ, బావి చేద, తిరగలి: భౌతికశాస్త్రంలో 'పని'ని ఇంట్లోనే లెక్కగట్టడం ఎలా

సాయంత్రం ట్యూషన్‌కు వచ్చే తొమ్మిదో తరగతి పిల్లలు ఏటా ఒకే చోట ఆగిపోతారు. పనిని లెక్కగట్టే సూత్రం అందరికీ నోటికి వచ్చు. కానీ "అమ్మ బిందె చంకన పెట్టుకుని వీధి చివరి కుళాయి నుంచి ఇంటికి తెచ్చింది, ఎంత పని?" అని అడిగితే సగం మంది బిందె బరువును దూరంతో గుణించేస్తారు. మిగతా సగం "సున్నా" అంటారు, ఎందుకో మాత్రం చెప్పలేరు. వాళ్ల అమ్మానాన్నలూ అదే అడుగుతున్నారు, దీన్ని ఇంట్లో ఎలా చెప్పాలని.

ఒక ఆదివారం ఖాళీ చేసుకుంటే చాలు. కింద చెప్పిన వరుసలోనే వెళ్లండి. ముఖ్యంగా 2వ భాగాన్ని దాటేసి నేరుగా లెక్కల్లోకి దూకొద్దు. తప్పులన్నీ అక్కడే పుడతాయి.

## 1. ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- కొక్కెం ఉన్న కాటా. ప్రయాణాల్లో లగేజీ తూచుకునేది చాలు.
- టేపు. దర్జీ టేపైనా, మేస్త్రీ టేపైనా సరే.
- కోణం కొలవడానికి పిల్లల జామెట్రీ బాక్సులోని కోణమానిని, లేదా ఫోన్‌లోని లెవెల్ యాప్.
- సెకన్లు చూపే గడియారం.
- ఒక నోటు పుస్తకం. కొలతలన్నీ అక్కడికక్కడే రాసుకోవాలి. తర్వాత రాద్దాంలే అనుకుంటే అంకెలు కలిసిపోతాయి.

కాటా గురించి ఒక మాట. కొన్ని డిజిటల్ కాటాలు అంకె కాస్త స్థిరపడగానే అక్కడే లాక్ అయిపోతాయి. సామాను తూచడానికి అది మంచిదే గానీ, లాగుతూ చూసే లెక్కలకు పనికిరాదు. ముల్లు ఉన్న స్ప్రింగు కాటా దొరికితే దాన్నే వాడండి.

కాటా చూపేది కిలోల్లో. మనకు కావలసింది బలం, అంటే న్యూటన్లలో. కాటా అంకెను 9.8తో గుణిస్తే న్యూటన్లు వస్తాయి. 3 కిలోలు చూపిస్తే 29.4 న్యూటన్లు. ఈ ఒక్క ముక్క నోటు పుస్తకం మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాయించండి.

## 2. సూత్రం ముట్టుకోకముందు నాలుగు ప్రశ్నలు

"ఎంత పని జరిగింది?" అన్నది అసలు పూర్తి ప్రశ్నే కాదు. ఏ బలం చేసిన పని? దేని మీద? ఇది తేలకుండా జవాబు రాదు. అందుకే ప్రతి లెక్కకూ ఈ నాలుగూ ఇదే వరుసలో అడగాలి:

- ఏ బలం గురించి మాట్లాడుతున్నాం? చేతి బలమా, భూమి లాగే బలమా, ఘర్షణా?
- ఆ బలం ఏ వస్తువు మీద పడుతోంది?
- ఆ వస్తువు ఎటు కదిలింది, ఎంత కదిలింది?
- బలం దిశకూ కదలిక దిశకూ మధ్య కోణం ఎంత?

నాలుగింటికీ జవాబు రాశాకే సూత్రం. పని = బలం × స్థానభ్రంశం × కాస్ (మధ్య కోణం). స్థానభ్రంశం అంటే వస్తువు మొదలైన చోటి నుంచి చేరిన చోటికి తిన్నగా ఉన్న దూరం. కాస్ అంటే కోణాన్ని బట్టి మారే అంకె, కాలిక్యులేటర్‌లో cos మీట ఇస్తుంది. బలం న్యూటన్లలో, దూరం మీటర్లలో ఉంటే పని జౌళ్లలో వస్తుంది.

కోణాల్లో మూడు ఎప్పుడూ గుర్తుండాలి. బలం, కదలిక ఒకే వైపు ఉంటే కోణం 0, దాని కాస్ 1. ఎదురెదురుగా ఉంటే కోణం 180, కాస్ మైనస్ 1. ఒకదానికొకటి లంబంగా ఉంటే కోణం 90, కాస్ సున్నా. ఇంట్లో చేసే లెక్కల్లో నూటికి తొంభై ఈ మూడింటితోనే తెమిలిపోతాయి.

## 3. మొదటి లెక్క: బియ్యం సంచిని నేల మీద లాగడం

ఎత్తడంతో మొదలుపెట్టకండి. నేల మీద లాగడంతో మొదలుపెట్టండి. ఇక్కడ బలం కంటికి కనిపిస్తుంది, కాటా ముల్లు మీద.

పది కిలోల బియ్యం సంచి తీసుకోండి. మూతి గట్టిగా కట్టి, ఆ ముడికి కాటా కొక్కెం తగిలించండి. గచ్చు మీద రెండు మీటర్ల దూరంలో సుద్దముక్కతో రెండు గీతలు గీయండి. కాటాను నేలకు సమాంతరంగా పట్టుకుని మెల్లగా లాగండి.

ముల్లు ముందు ఎక్కువ దూరం వెళ్తుంది, సంచి కదలదు. మా ఇంట్లో 3.8 దాకా వెళ్లింది. సంచి కదలగానే ముల్లు కాస్త వెనక్కి వచ్చి 3 దగ్గర ఊగుతూ నిలబడింది. నిలబడ్డ వస్తువును కదిలించడానికి కావలసిన బలం, కదులుతున్నదాన్ని కదిలిస్తూ ఉండటానికి కావలసిన బలం కన్నా ఎక్కువ. పిల్లలు దీన్ని ముల్లు మీద ఒక్కసారి చూస్తే చాలు, స్థైతిక ఘర్షణ గురించి మళ్లీ చెప్పక్కర్లేదు.

మన లెక్కకు వాడాల్సింది రెండో అంకె, అంటే 3 కిలోలు, 29.4 న్యూటన్లు. సంచి 2 మీటర్లు కదిలింది. చేయి చేసిన పని 29.4 × 2 = 58.8 జౌళ్లు.

ఇప్పుడు సంచి మీద ఉన్న మిగతా బలాల్ని వరుసగా అడగండి. ఘర్షణ వెనక్కి లాగుతోంది, కాబట్టి దాని పని మైనస్ 58.8 జౌళ్లు. భూమి కిందికి లాగుతోంది, సంచి పక్కకు కదిలింది, కాబట్టి సున్నా. గచ్చు పైకి నెడుతోంది, అదీ సున్నా. అన్నీ కలిపితే మొత్తం సున్నా. అయితే చేయి ఏమీ చేయలేదా? చేసింది. ఆ 58.8 జౌళ్లు గచ్చూ సంచీ రాసుకున్న చోట వేడిగా మారాయి. మొత్తం పని సున్నా అంటే సంచి వేగం మారలేదని మాత్రమే అర్థం, ఎవరూ పని చేయలేదని కాదు.

తర్వాత అదే సంచిని పాత దుప్పటి మీద పెట్టి లాగండి. మళ్లీ, పది కిలోలున్నా ముల్లు ఎందుకు పది దగ్గరకు పోలేదని అడగండి. "మనం ఎత్తడం లేదు కదా మాస్టారూ" అని పిల్లాడి నోటి నుంచే వస్తే సగం పాఠం అయిపోయినట్టే.

## 4. రెండో లెక్క: గ్యాస్ బండను మూడో అంతస్తుకు ఎక్కించడం

ఇంట్లో వాడే బండలో గ్యాస్ 14.2 కిలోలు ఉంటుంది. ఖాళీ బండ బరువు దాని మీదే రాసి ఉంటుంది, చూసి కలుపుకోండి. లెక్క సులువుగా ఉండటానికి నిండు బండ 30 కిలోలు అనుకుందాం. అంతస్తుకు 3 మీటర్ల చొప్పున మూడో అంతస్తు 9 మీటర్ల ఎత్తు.

బండను మోసే చేతుల బలం (మెల్లగా, ఒకే వేగంతో ఎక్కిస్తే) 30 × 9.8 = 294 న్యూటన్లు, పైకి. పైకి జరిగిన కదలిక 9 మీటర్లు. పని 294 × 9 = 2646 జౌళ్లు.

ఇక్కడ పిల్లలు తప్పకుండా అడుగుతారు: మెట్లు మెలికలు తిరిగి ఉన్నాయి కదా, నడిచిన దూరం ఇరవై మీటర్ల పైనే ఉంటుంది, దాన్ని ఎందుకు తీసుకోలేదు? పక్కకు నడిచిన భాగానికి పైకి మోసే బలం లంబంగా ఉంది, అందుకే ఆ భాగం లెక్కలోకి రాదు. నిటారు ఎత్తు మాత్రమే కావాలి. ఎత్తు కొలవడానికి మెట్టు ఎత్తును టేపుతో కొలిచి, మెట్ల సంఖ్యతో గుణించండి. మెట్టు వెడల్పు కొలిచి కూర్చోకండి.

బండ తెచ్చిన మనిషి తన శరీరాన్ని కూడా పైకి ఎత్తుకున్నాడు. అతని బరువు 65 కిలోలైతే అందుకు 65 × 9.8 × 9 = 5733 జౌళ్లు. అంటే బండకు పెట్టిన దానికి రెండింతలకు పైగా తన ఒంటికే పెట్టాడు. మొత్తం 8379 జౌళ్లు, సుమారు 2 కిలో క్యాలరీలు. కండరాలు తిన్న శక్తిలో పావు వంతుకు మించి యాంత్రిక పనిగా మార్చలేవు కాబట్టి ఒంట్లో నిజంగా ఖర్చయ్యేది 8 నుంచి 10 కిలో క్యాలరీలు. అర చెంచా పంచదారలో ఉండేంత. నాకైతే మొదటిసారి ఈ లెక్క వేసినప్పుడు నమ్మబుద్ధి కాలేదు, రెండుసార్లు సరిచూసుకున్నాను. ఆ మనిషి చెమటలు చూస్తే అర చెంచా అనిపించదు మరి.

ఏటవాలు పలక సంగతి కూడా ఇక్కడే తేల్చేయండి. 60 కిలోల డ్రమ్మును మీటరు ఎత్తున్న ట్రాలీలోకి ఎక్కించాలి. నేరుగా ఎత్తితే 588 న్యూటన్లు కావాలి. 3 మీటర్ల పలక వేసి దొర్లిస్తే (ఘర్షణను వదిలేస్తే) 196 న్యూటన్లు చాలు. కానీ దూరం మూడింతలైంది. 588 × 1 ఎంతో 196 × 3 కూడా అంతే, 588 జౌళ్లు. పలక వల్ల బలం తగ్గింది, పని తగ్గలేదు.

## 5. మూడో లెక్క: బిందె, సున్నా, రుణ పని

మా అత్తయ్యకు ఒకసారి ఈ సంగతి చెప్పబోయాను. బిందె మోసుకుని తిన్నగా నడిస్తే బిందె మీద పని సున్నా అని. ఆమె బిందె దించి, "సున్నా పనా? అయితే రేపటి నుంచి నువ్వే పట్రా అబ్బాయ్, నా మోకాళ్లు లాగేస్తున్నాయి" అంది. ఆమె మాటలో తప్పేమీ లేదు. తప్పు నా ప్రశ్నది. నీళ్లు తెచ్చే పనిని మొత్తంగా ఒకే ముద్దగా చెప్పాను. ముక్కలు చేసి చెప్పాల్సింది.

నీళ్లతో కలిపి బిందె 12 కిలోలు అనుకోండి.

- కుళాయి కింద నుంచి నడుం దాకా, 0.9 మీటరు ఎత్తడం: 12 × 9.8 × 0.9 = సుమారు 106 జౌళ్లు, ధన పని.
- నడక మొదలుపెట్టి సెకనుకు మీటరు వేగం అందుకోవడం: ½ × కిలోలు × వేగం × వేగం, అంటే ½ × 12 × 1 × 1 = 6 జౌళ్లు, ధన పని.
- 200 మీటర్లు తిన్నగా, ఒకే వేగంతో నడవడం: సున్నా. మోసే బలం పైకి, కదలిక పక్కకి.
- ఆగడం: మైనస్ 6 జౌళ్లు.
- గట్టు మీదకు కాకుండా నేల మీదకే దించడం: మైనస్ 106 జౌళ్లు.

రుణ పని అంటే ఏమిటో దించడంలో బాగా తెలుస్తుంది. బిందె కిందికి వెళ్తోంది, చేతులు మాత్రం ఇంకా పైకే బలం పెడుతున్నాయి, ధబీమని పడిపోకుండా. బలం ఒక వైపు, కదలిక ఇంకో వైపు. నిజానికి నడిచేటప్పుడు బిందె కొద్దిగా పైకీ కిందికీ ఊగుతుంది కూడా. పైకి వెళ్లినప్పుడు ధనం, కిందికి వచ్చినప్పుడు రుణం, రెండూ కలిస్తే సరి.

మరి అలసట ఎక్కణ్నుంచి వచ్చింది? కండరాన్ని బిగించి ఉంచడానికి లోపలి సన్నటి పోగులు పట్టుకుంటూ వదులుతూ ఉంటాయి. ప్రతి పట్టుకూ శక్తి కావాలి, అదంతా వేడిగా పోతుంది. బల్ల కూడా తన మీద పెట్టిన బిందెను రోజంతా మోస్తుంది, దానికి టిఫిన్ అక్కర్లేదు. శరీరం ఖర్చు పెట్టిన శక్తి వేరు, బిందెకు అందిన పని వేరు. అత్తయ్య చెప్పింది మొదటిది, పుస్తకం చెప్పేది రెండోది.

## 6. నాలుగో లెక్క: ప్లాట్‌ఫారం మీద చక్రాల సూట్‌కేసు

ఇప్పుడు కోణం లెక్కలోకి వస్తుంది. సూట్‌కేసు పిడిని లాగే దిశ నేలకు 60 డిగ్రీలు ఉందనుకోండి. కాటా తగిలించి లాగితే 30 న్యూటన్లు చూపించింది. ప్లాట్‌ఫారం మీద 100 మీటర్లు లాగారు.

30 న్యూటన్లలో ముందుకు లాగేది 30 × కాస్ 60 = 15 న్యూటన్లు. పని 15 × 100 = 1500 జౌళ్లు. మిగతాది, 30 × సైన్ 60 = 26 న్యూటన్లు, సూట్‌కేసును పైకి లేపుతోంది. చక్రాల మీద బరువు కాస్త తగ్గిస్తుందే తప్ప పని చేయదు.

పిడిని ఇంకా వంచి 30 డిగ్రీలకు తెస్తే అదే 30 న్యూటన్లలో 26 ముందుకు పనికొస్తాయి. అలాగని మరీ వంచితే నడుం పట్టేస్తుంది, అది భౌతికశాస్త్రం చూసుకోదు.

ఈ లెక్కలో రెండు చోట్ల జాగ్రత్త. కోణం నేల నుంచి కొలవాలి, నిటారు గోడ నుంచి కాదు. కాలిక్యులేటర్ డిగ్రీల్లో ఉందో లేదో చూసుకోవాలి. రేడియన్లలో ఉంటే కాస్ 60కి మైనస్ 0.95 వస్తుంది. ముందుకు లాగుతున్న చేతికి రుణ పని వచ్చిందంటే కాలిక్యులేటర్ వైపు చూడండి.

## 7. ఐదో లెక్క: చేదబావి, మారే బలం

ఇప్పటిదాకా బలం మొదటి నుంచి చివరిదాకా ఒకటే. బావిలో అలా కాదు. బొక్కెన పైకి వస్తున్న కొద్దీ వేలాడే చేంతాడు తగ్గుతుంది, చేతికి భారం తగ్గుతుంది.

నీళ్ల మట్టం నుంచి గిలక దాకా 8 మీటర్లు. ఇనప బొక్కెన 1.5 కిలోలు, నీళ్లు 10 కిలోలు. చేంతాడు మీటరుకు 200 గ్రాములు, అంటే వేలాడే 8 మీటర్లకు 1.6 కిలోలు.

రెండు భాగాలుగా చేయండి. బొక్కెన, నీళ్లు: 11.5 × 9.8 × 8 = 901.6 జౌళ్లు. ఇక తాడు. దాని పై కొస గిలక దగ్గరే ఉంది, అది పైకి రావాల్సిన పని లేదు. కింది కొస మాత్రం మొత్తం 8 మీటర్లు రావాలి. మధ్యలో ఉన్న ప్రతి ముక్కకూ ఒక్కో ఎత్తు. సగటున 4 మీటర్లు. కాబట్టి 1.6 × 9.8 × 4 = సుమారు 62.7 జౌళ్లు. మొత్తం 964 జౌళ్లు చిల్లర.

ఈ 'సగటు' కిటుకు బలం ఒకే తీరుగా, సమంగా మారినప్పుడే చెల్లుతుంది. పెద్ద తరగతుల్లో దీన్నే గ్రాఫు కింది వైశాల్యం అంటారు. గ్రాఫు కాగితం మీద అడ్డంగా ఎత్తు, నిలువుగా బలం గీయించండి. ఏటవాలుగా దిగే గీత వస్తుంది, దాని కింది వైశాల్యం లెక్కపెడితే అదే 964 వస్తుంది.

చిల్లు బొక్కెనతో ఇంకో అడుగు వేయొచ్చు. 10 కిలోల నీళ్లతో బయలుదేరి, దారంతా సమంగా కారి, పైకి వచ్చేసరికి 8 మిగిలాయి. నీళ్ల సగటు బరువు 9 కిలోలు, అంటే పని 1 × 9.8 × 8 = 78.4 జౌళ్లు తగ్గింది. నీళ్లు తగ్గాయి కాబట్టి సంబరపడాల్సిందేమీ లేదు.

గిలక గురించి పిల్లలకు ఒక భ్రమ ఉంటుంది, అది బరువు తగ్గిస్తుందని. దూలానికి కట్టిన ఒక్క గిలక బలం దిశను మారుస్తుంది, అంతే. పైకి లాగడానికి బదులు కిందికి లాగుతాం, మన ఒంటి బరువు తోడొస్తుంది, అందుకే హాయిగా ఉంటుంది. కాటాను తాడుకు కట్టి చూపించండి. గిలక ఇరుసుకు నూనె లేకపోతే ముల్లు బొక్కెన బరువు కన్నా ఎక్కువే చూపిస్తుంది!

## 8. ఆరో లెక్క: తిరగలి, లేదా "మొదలైన చోటికే వచ్చాం కదా"

తెలివైన పిల్లలే ఎక్కువగా పడే గుంట ఇది. తిరగలి పిడి ఒక చుట్టు తిరిగి మొదలైన చోటికే వచ్చింది. స్థానభ్రంశం సున్నా. కాబట్టి పని సున్నా. వినడానికి ఎంత బాగుందో!

కంది బేడలు విసిరే పిన్నిని అడిగితే ఇది తప్పని వెంటనే చెప్పేస్తుంది. కానీ ఎక్కడ తప్పో పట్టుకోవాలి. బలం × స్థానభ్రంశం అన్న సూత్రం బలం దిశ మారనప్పుడే నేరుగా వాడాలి. తిరగలి దగ్గర చేయి దిశ ప్రతి క్షణం మారుతోంది, పిడి ఎటు వెళ్తే బలమూ అటే తిరుగుతోంది. అందుకని చుట్టును చిన్న చిన్న ముక్కలుగా కోయాలి. ప్రతి ముక్కలోనూ బలం, కదలిక ఒకే వైపు. ప్రతి ముక్కలోనూ పని ధనమే. అన్నీ కూడితే చుట్టుకొలత మొత్తం లెక్కలోకి వస్తుంది.

కొలిచే పద్ధతి ఇది. పిడికి కాటా తగిలించి, అంచు వెంబడి తిరుగుతూ లాగండి. 25 న్యూటన్లు వచ్చిందనుకుందాం. పిడి మధ్య మేకుకు 20 సెంటీమీటర్ల దూరంలో ఉంది. చుట్టుకొలత 2 × 3.14 × 0.2 = 1.256 మీటర్లు. ఒక చుట్టుకు 31.4 జౌళ్లు. నిమిషానికి 20 చుట్లు చొప్పున పది నిమిషాలు విసిరితే 6280 జౌళ్లు.

మరి గ్యాస్ బండను మూడో అంతస్తుకు ఎక్కించి మళ్లీ కిందికి దించితే? అక్కడ భూమి చేసిన పని నిజంగానే మొత్తం సున్నా. భూమి లాగే దిశ ఎప్పుడూ కిందికే. ఎక్కేటప్పుడు మైనస్ 2646, దిగేటప్పుడు ప్లస్ 2646. తిరగలి ఘర్షణకు ఆ బుద్ధి లేదు, ఎటు తిరిగినా ఎదురే వస్తుంది. ఈ తేడా పట్టుబడితే ఇంటర్‌లో నిత్యత్వ బలాల (మొదలైన చోటికే వస్తే మొత్తం పని సున్నా అయ్యే బలాల) పాఠం సగం సులువు.

తాడుకు రాయి కట్టి గిరగిరా తిప్పడం వేరే సంగతి. అక్కడ తాడు లోపలికి లాగుతుంది, రాయి పక్కకు కదులుతుంది, ఎప్పుడూ 90 డిగ్రీలే. తాడు చేసే పని సున్నా.

## 9. త్వరగా చేస్తే పని ఎక్కువా?

కాదు. పని అంతే, సామర్థ్యం పెరుగుతుంది. సామర్థ్యం = పని ÷ సమయం, వాట్లలో.

60 కిలోల మనిషి 9 మీటర్లు ఎక్కితే 5292 జౌళ్లు. నిదానంగా 40 సెకన్లలో ఎక్కితే 132 వాట్లు. పరుగున 20 సెకన్లలో ఎక్కితే 265 వాట్లు. మెట్ల దగ్గర గడియారం పట్టుకుని ఇంట్లో అందరినీ ఎక్కించండి. ఈ లెక్క అన్నింటికన్నా ఎక్కువ గోల చేస్తుంది, బాగా గుర్తుంటుంది కూడా. మోకాళ్ల నొప్పులు, గుండె సమస్యలు ఉన్నవాళ్లను మాత్రం గడియారం పట్టుకోమనండి.

నీళ్ల ట్యాంకు లెక్క కూడా చేయండి. సంపు నీటి మట్టం నుంచి 12 మీటర్ల పైనున్న ట్యాంకుకు 1000 లీటర్లు ఎక్కించాలి. 1000 × 9.8 × 12 = 1,17,600 జౌళ్లు. అర హార్స్‌పవర్ మోటారు అంటే 373 వాట్లు. లెక్క ప్రకారం 315 సెకన్లలో, అయిదుంపావు నిమిషాల్లో నిండాలి. మీ ఇంట్లో పదిహేను నిమిషాలు పడితే నీళ్లకు అందింది 131 వాట్లే, మోటారు మీద రాసిన దానిలో మూడో వంతు చిల్లర. మిగతాది పైపుల రాపిడిలో, వంపుల దగ్గర, పంపు లోపల పోయింది. సమయం ఏటికేడాది పెరుగుతుంటే ప్లంబర్‌ను పిలవాల్సిన వేళ అని అర్థం.

## 10. తరచూ జరిగే తప్పులు, సవరణలు

కిలోలనే బలంగా వేయడం. అన్నింటికన్నా ఎక్కువగా కనిపించేది ఇదే. జవాబు దాదాపు పదింతలు తక్కువ వస్తుంది. 9.8 మరిచిపోయారేమో చూడండి.

సెంటీమీటర్లు అలాగే వదిలేయడం. జవాబు వందింతలు ఎక్కువ వస్తుంది. పుస్తకాన్ని బల్ల మీదకు ఎత్తితే వందల జౌళ్లు వచ్చాయంటే ఇదే కారణం.

గోడను నెట్టి చెమటలు పట్టాయి కాబట్టి పని జరిగిందనడం. గోడ కదల్లేదు. గోడ మీద పని సున్నా. చెమట సంగతి 5వ భాగంలో చూశాం.

బలం ఎక్కువ పెడితే ఎత్తడంలో పని ఎక్కువవుతుందనుకోవడం. ఇది కాస్త లోతైనది. సంచిని ఒక్క ఊపున ఎత్తితే మొదట్లో బలం ఎక్కువే, కానీ చివర్లో అది వేగం తగ్గి ఆగాలి కాబట్టి అక్కడ బలం తక్కువ. కదలకుండా ఉన్న స్థితిలో మొదలై మళ్లీ కదలకుండా ఆగితే మొత్తం కూడినప్పుడు మళ్లీ అదే బరువు × ఎత్తు వస్తుంది. కాటాకు సంచి తగిలించి చటుక్కున ఎత్తి చూడండి, ముల్లు ముందు పైకి, ఆ వెంటనే కిందికి కొట్టుకోవడం కనిపిస్తుంది.

రుణ పని అంటే తప్పు పని, పనికిరాని పని అనుకోవడం. బండికి బ్రేకు చేసేది రుణ పనే.

## 11. జవాబు సరిచూసుకునే దారి

పని లెక్క తేలాక శక్తి వైపు నుంచి ఒకసారి చూడండి. వస్తువు మీద అన్ని బలాలూ చేసిన మొత్తం పని, దాని గతిశక్తిలో (కదలిక వల్ల ఉండే శక్తిలో) వచ్చిన మార్పుకు సమానం కావాలి.

బండి, మనిషి కలిపి 180 కిలోలు, వేగం గంటకు 36 కిలోమీటర్లు అంటే సెకనుకు 10 మీటర్లు. గతిశక్తి ½ × 180 × 100 = 9000 జౌళ్లు. ఆపడానికి నేల, టైర్ల మధ్య ఘర్షణ 900 న్యూటన్లు ఉంటే 10 మీటర్లలో ఆగుతుంది. అదే గంటకు 72 అయితే గతిశక్తి 36,000 జౌళ్లు, ఆగడానికి 40 మీటర్లు. వేగం రెండింతలు, దూరం నాలుగింతలు. కొత్తగా బండి నేర్చుకునే పిల్లలకు ఈ ఒక్క లెక్క కాగితం మీద వేయించి గోడకు అంటించినా నష్టం లేదు.

ప్రతి లెక్క చివర చూసుకోవాల్సినవి:

- ఏ బలం, దేని మీద అని రాశామా?
- 9.8తో గుణించామా, మీటర్లలోకి మార్చామా?
- దారి పొడవు కావాలా, నిటారు ఎత్తు కావాలా?
- గుర్తు ధనమా, రుణమా?
- అంకె నమ్మేలా ఉందా? కిలో పంచదార పొట్లాన్ని మీటరు ఎత్తితే సుమారు 10 జౌళ్లు. దానితో పోల్చి చూడండి.

## 12. సొంతంగా వేయాల్సిన లెక్కలు రెండు

అలిపిరి మెట్లు. తిరుమలకు అలిపిరి దారిలో 3550 మెట్లు అంటారు. మెట్టు 15 సెంటీమీటర్లు అనుకుని, మెట్ల మధ్య ఏటవాలు నడకను వదిలేస్తే, 60 కిలోల భక్తుడు తన ఒంటిని ఎత్తుకోవడానికి చేసే పని ఎంత? ఎత్తు 532.5 మీటర్లు వస్తుంది. పని 3,13,110 జౌళ్లు, సుమారు 75 కిలో క్యాలరీలు. కండరాల ఖర్చు దానికి నాలుగైదింతలు.

లిఫ్టు. 60 కిలోల మీరు 5 కిలోల కూరగాయల సంచి పట్టుకుని లిఫ్టులో 9 మీటర్లు పైకి వెళ్లారు. చేయి కదల్చలేదు. సంచి మీద మీ చేయి పని చేసిందా?

చేసింది. చేయి సంచిని పైకి పట్టుకుంది, సంచి పైకి కదిలింది. 5 × 9.8 × 9 = 441 జౌళ్లు. లిఫ్టు గచ్చు మీ పాదాల మీద చేసిన పని 65 × 9.8 × 9 = 5733 జౌళ్లు. అందులోంచి 441 సంచికి పోగా మిగిలిన 5292 మీ ఒంటిని ఎత్తడానికి సరిగ్గా సరిపోయాయి. అంటే ఆ 441 మీ కండరాల నుంచి వచ్చినవి కావు, మోటారు దగ్గర తీసుకుని సంచికి అందించారంతే. కరెంటు బిల్లు అపార్ట్‌మెంట్ మెయింటెనెన్సులో వస్తుంది.